బోడిగట్టు మీద ఆదివారం క్లాసు

పోయిన వారం హేమలతను చేతిలో ఫోనుతో, ఏం చెయ్యాలో తోచని స్థితిలో వదిలిపెట్టాం. హుకుంపేటకి పైన, జీపు రోడ్డు ఆఖరయ్యే ఊళ్ళో ఉంటూ ఆ అమ్మాయి వైజాగ్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీకి మూడు సెమిస్టర్లుగా ఆన్‌లైన్లో స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతోంది. చెబుతున్నది ఆమే, పేరు మాత్రం ఆమెది కాదు. యూనివర్సిటీ కాగితాల్లో ఆ పార్ట్‌టైమ్ టీచరు భానుశ్రీ. పీజీ హాస్టల్లో హేమలతకి రెండేళ్ళ సీనియరు. మూడు యూనివర్సిటీలకి పాఠాలు చెబుతూ ఊపిరాడక, ఈ ఒక్క క్లాసునీ చెల్లెలి లాంటి హేమలతకి అప్పగించింది. సిగ్నల్ చాలదన్న సాకుతో కెమెరా ఎప్పుడూ ఆపే ఉండేది. విద్యార్థులకి తెలిసింది గొంతు ఒక్కటే.

శుక్రవారం ఆ సాకు చెల్లదని మెయిల్ వచ్చింది. ఆదివారం ఉదయం పది గంటల క్లాసును బయటి నిపుణులు చూస్తారు, టీచరు కెమెరాలో కనిపించి తీరాలి. అప్పటినుంచి భానుశ్రీ ఫోను మోగడం లేదు.

ఆదివారం తెల్లారింది.

ఏడున్నరైనా మంచు విడలేదు. వాకిట్లో మంగ్లు కావడికి ఒక వైపు ఇన్వర్టర్ బ్యాటరీ కట్టి, రెండో వైపు బరువు సరిపోవడానికి రాయి వెతుకుతున్నాడు. ప్రతి ఆదివారం కూతురి క్లాసుకి ఆ బ్యాటరీని గట్టు మీదికి మోసేది ఆయనే. హేమలత నిన్న సాయంత్రం కోసిన కాఫీ పళ్ళలోంచి ఒక బుట్టెడు పక్కకి తీసి పెట్టుకుంది. ఇవాళ్టి పాఠానికి అవి కావాలి. పాఠం జరుగుతుందో లేదో తెలియకపోయినా ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

కింద మలుపులో జీపు గేరు మార్చిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మంచులోంచి భానుశ్రీ నడిచి వచ్చింది. పట్టుచీర, మీద శాలువా, ఒక చేతిలో సంచి, మరో చేతిలో గుండ్రటి లైటున్న పెట్టె.

"ఏటమ్మా, ఇంత పెందలకడే వొచ్చేసినావు?" అన్నాడు మంగ్లు.

"నిన్న పాడేరులో పడుకున్నాను బాబాయ్. పొద్దున మొదటి జీపు పట్టుకున్నాను."

"సలికి ముడుసుకుపోయినావు. ముందు అంబలి తాగు." ఆయన లోపలికెళ్ళి గ్లాసుతో వేడి వేడి సోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చిచ్చాడు. హేమలత తల్లి అప్పటికే తోటలోకి వెళ్ళిపోయింది. పళ్ళ కోతల రోజులు.

భానుశ్రీ అంబలి తాగేదాకా హేమలత ఆగింది. తర్వాత అడిగింది. "రెండు రోజులు ఫోను ఎందుకాపేశావక్కా?"

"ఫోన్లో చెప్పే మాట కాదు హేమా. పద, పైకి నడుస్తూ మాట్లాడుకుందాం."

ఊరి వెనక చెట్టన్నది లేని గట్టును బోడిగట్టు అంటారు. దాని మీద కాఫీ పళ్ళ పొట్టు తీసే మిషను కోసం ఎప్పుడో కట్టిన రేకుల షెడ్డొకటి ఖాళీగా ఉంది. చుట్టుపక్కల ఏడు ఊళ్ళకీ సిగ్నల్ నిలకడగా దొరికేది అక్కడే. మంగ్లు కావడి భుజానికెత్తుకుని ముందు నడిచాడు. వెనకాల ఇద్దరూ సిల్వర్ ఓక్ చెట్ల మధ్య బాట పట్టారు.

"నేను కెమెరా ముందు కూర్చుంటాను," అంది భానుశ్రీ. "నువ్వు నా వెనక టార్పాలిన్ కట్టుకుని దాని చాటునుంచి పాఠం చెప్పు. నేను పెదాలాడిస్తాను. ఇక్కడి సిగ్నల్‌కి బొమ్మ ఎలాగూ మాటకంటే వెనకబడుతుంది. ఎవరూ కనిపెట్టలేరు."

హేమలతకి నవ్వొచ్చింది. నవ్వు వెంటనే కోపమూ వచ్చింది. "దానికంటే పాఠం నువ్వే చెప్పొచ్చు కదా."

"నూట నలభై మందికి నీ గొంతు తెలుసు. నేను నమస్కారం అంటే చాలు, పట్టేస్తారు."

"అయితే మానెయ్. ఒంట్లో బాగాలేదని రాసెయ్."

భానుశ్రీ ఒక బండ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆయాసపడుతోంది. "ఇవాళ్టి క్లాసు బావుందని ఆ నిపుణులంటే నన్ను పర్మనెంటు చేస్తామన్నారు మా డైరెక్టరు దేవీప్రసాద్ గారు. అక్కడా ఇక్కడా కలిపి తొమ్మిదేళ్ళు హేమా. ప్రతి జూన్‌లోనూ ఈ ఏడు ఉంచుతారా, తీసేస్తారా అని ఎదురుచూడటం. పెళ్ళిలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే లెక్చరర్‌నని చెప్పి, ఎక్కడ అని అడక్కముందే పక్కకి తప్పుకోవడం. ఇది నీకు తెలీదు."

"నాకు తెలీదా?" హేమలత కూడా ఆగిపోయింది. "పోయిన నెల లెక్చరర్ల సెట్ పరీక్ష పాసయ్యాను. ఎక్కడ దరఖాస్తు పెట్టబోయినా బోధనానుభవం ఎంత, కాగితమేదీ అని అడుగుతున్నారు. ఏం చూపించను? మూడు సెమిస్టర్లు ఈ గట్టెక్కి చెప్పాను. వానలో గొడుగు కింద చెప్పాను. చెప్పినట్టు ఒక్క కాగితమ్ముక్క లేదు. అసలు నీకేం తెలుసు నేనేం చెప్పానో? ఒక్క క్లాసైనా విన్నావా నువ్వు?"

భానుశ్రీ శాలువా సర్దుకుంది.

"రికార్డింగులు అన్నీ విన్నాను," అంది. "ఒక్కటీ వదల్లేదు. మొదట్లో భయంతో విన్నాను. ఆఫీసులో ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు తెలియాలి కదా. తర్వాత తర్వాత బస్సులో వినేదాన్ని, వంట చేస్తూ వినేదాన్ని. సంతలో వర్తకుడు బుట్ట పైనుంచి గుప్పెడు తీసి, సరుకంతా పచ్చే అంటాడని ఒక పాఠం చెప్పావు చూడు. దాన్ని నేను మిగతా రెండు యూనివర్సిటీల్లోనూ చెప్పాను. నా సొంతంలా చెప్పాను. ఒక పిల్ల లేచి, మీది అరకు పక్కనా మేడమ్ అని అడిగింది. అవునన్నాను."

కోపం రావాల్సిన చోట హేమలతకి కోపం రాలేదు. ఒళ్ళంతా ఏదో వెచ్చగా పాకింది. తను ఈ గట్టు మీద కూర్చుని ఎవరు వింటున్నారో తెలియకుండా చెప్పిన పాఠం, తను చూడని రెండు ఊళ్ళకి వెళ్ళింది. ఆ సంతోషాన్ని ముఖంలో కనబడనివ్వకుండా ఉండటానికి ఆమె బాట మీది రాళ్ళకేసి చూస్తూ నడిచింది.

గట్టెక్కేముందు చెప్పింది. "ఇవాళొక్క రోజే అక్కా. రేపు నువ్వే ఆఫీసుకెళ్ళి నిజం చెప్పాలి."

"చెబుతాను," అంది భానుశ్రీ.

షెడ్డులో మంగ్లు బ్యాటరీ తీగలు కలిపాడు. ఇద్దరూ కలిసి టార్పాలిన్ కట్టడం చూసి, సంగతి అడిగి తెలుసుకున్నాడు. ఆయనకది రుచించలేదు.

"ఏటి సేత్తన్నారే మీరు? సెప్పేది ఒకలు, అగుపించేది ఒకలా?"

"ఇవాళొక్కపాలే అయ్యా," అంది హేమలత తండ్రితో.

మంగ్లు తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

పది కొట్టేసరికి లాప్‌టాప్ తెర మీద చిన్న చిన్న గళ్ళు తెరుచుకోవడం మొదలైంది. అరవై, తొంభై, నూట ఇరవై, నూట నలభై మూడు. ఎప్పుడూ పేర్లే కనిపించే గళ్ళలో ఇవాళ ముఖాలున్నాయి. యూనిఫాంలో ఒకాయన, చంటిపిల్లని ఒళ్ళో వేసుకున్న ఒకావిడ, బట్టల దుకాణం గల్లాపెట్టె దగ్గర ఒకతను. టార్పాలిన్ చీలికలోంచి హేమలత ఆ ముఖాల్ని ఆశగా చూసింది. పేరూ గొంతూ తెలిసిన వాళ్ళందరూ వీళ్ళేనన్నమాట. ఎవరు ఎవరో పోల్చుకోవాలని ఆమెకి ఆత్రంగా ఉంది.

పై వరసలో ఆన్‌లైన్ కోర్సుల డైరెక్టరు దేవీప్రసాద్ ఉన్నాడు. మెడకి టై, ముఖాన చిరునవ్వు. పక్క గడిలో క్లాసు చూడటానికొచ్చిన నిపుణురాలు, తెల్లజుట్టు ముడేసుకున్న ఒక పెద్దావిడ. ఆమె పేరు బిందుమాధవి, స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్‌గా ముప్ఫై ఏళ్ళు చేశారని దేవీప్రసాద్ పరిచయం చేశాడు. ఆవిడ తలెత్తకుండా ముందున్న ఫైలు తిరగేస్తోంది.

"అందరికీ నమస్కారం," అంది హేమలత. ముందు కూర్చున్న భానుశ్రీ పెదాలు కదిలాయి.

మొదటి పది నిమిషాలూ సాఫీగా సాగాయి. హేమలత చెయ్యెత్తమని గుసగుసగా చెప్పకముందే భానుశ్రీ చెయ్యెత్తేది, ఆగాల్సిన చోట ఆగేది. అన్ని క్లాసులూ విన్నానన్నది అబద్ధం కాదని హేమలతకి అప్పుడు నమ్మకం కుదిరింది. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో భానుశ్రీకి నోటికొచ్చు.

యూనిఫాంలో ఉన్నాయన చెయ్యెత్తాడు. అతను వరహాలు, విజయనగరంలో బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి క్లాసులో కూర్చుంటాడు.

"మేడమ్‌గారూ నమస్కారమండి. మూడు సెమిస్టర్లయిపోనాది, ఇయ్యాలికి అగుపించినారు. ఎప్పుడూ కాఫీ పళ్ళ బుట్ట అంతారు కదండి, అదేటో ఒకపాలి సూపించండి."

అందరూ నవ్వారు. హేమలతకీ నవ్వొచ్చింది. "తప్పకుండా వరహాలు గారూ, ఇవాళ్టి పాఠమే అది," అంది చాటునుంచి. భానుశ్రీ బుట్ట దగ్గరికి లాక్కుంది. హేమలత చెప్పినట్టే అడుగునుంచి పైదాకా కలియబెట్టి, చూడకుండా ఇరవై పళ్ళు తీసి, తెల్ల తువ్వాలు మీద పరిచి, లాప్‌టాప్ వంచి అందరికీ చూపించింది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టి నాలుగు వేళ్ళు చాపింది. ముందు అనుకున్న గుర్తు అది.

"ఇరవైలో పనికిరాని పచ్చివి నాలుగు," అంది హేమలత. "అంటే అయిదో వంతు. ఈ ఒక్క గుప్పెడు చూసి బుట్టంతా ఇంతేనని అనొచ్చా?"

ఇంకో చెయ్యి లేచింది. ఫల్గుణ. గుమ్మలక్ష్మీపురం దగ్గర గ్రామ సచివాలయంలో సర్వేయరు. ఎప్పుడూ తక్కువ మాట్లాడతాడు.

"మేడమ్, తప్పయితే ఏటీ అనుకోకండి. పచ్చివి నాలుగే, నిజిమే. మరి పక్కన దోరవి మూడున్నాయి కదండి. దోరది పండు కాదని, దాన్నీ పచ్చిదాంట్లోనే లెక్కెయ్యాలని పోయినసారి మీరే సెప్పినారు."

హేమలతకి వెంటనే అర్థమైంది. టార్పాలిన్ చీలికలోంచి ఆమెకి భానుశ్రీ వేళ్ళు కనిపిస్తున్నాయి, తువ్వాలు కనిపించడం లేదు. కాఫీ తోట ఎరగని భానుశ్రీ పూర్తిగా ఆకుపచ్చగా ఉన్నవే ఎంచింది. నారింజరంగు తిరిగినవి ఆమె కంటికి పండ్లే.

కెమెరా ముందు భానుశ్రీ పెదాలు మూసుకుని, వెనకనుంచి గొంతు కోసం ఎదురుచూస్తోంది. పచ్చివి ఏడు అనేస్తే హేమలతకి సరిపోతుంది. నాలుగూ మూడూ ఏడే కదా. కానీ అవి మూడేనా? రెండో, నాలుగో కూడా కావచ్చు. ఆమె చూడలేదు. తన క్లాసులో కళ్ళతో చూడని లెక్క ఆమె ఎన్నడూ చెప్పలేదు.

హేమలత టార్పాలిన్ తప్పించుకుని బయటికొచ్చింది. ఎవరు చూస్తున్నారన్నది ఆ క్షణంలో ఆమెకి గుర్తే లేదు. తువ్వాలు మీదికి వంగి పళ్ళని మూడు కుప్పలుగా విడదీసి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఏడు," అంది. "ఫల్గుణ గారు చెప్పిందే నిజం. పచ్చివి నాలుగు, దోరవి మూడు. పొరపాటు మాది."

తల ఎత్తేసరికి తెర మూలనున్న చిన్న గడిలో తనే కనిపించింది. మోచేతి దగ్గర కుట్లూడిన స్వెటరు, నూనె రాసి బిగించి అల్లిన జడ, పక్కనే పట్టుచీరలో భానుశ్రీ. నూట నలభై మూడు గళ్ళలో ఒక్కరూ కదలడం లేదు.

దేవీప్రసాద్ చిరునవ్వు పోయింది. "భానుశ్రీ గారూ, ఎవరామె?" అన్నాడు. గొంతు తగ్గించి తనే దారి చూపించాడు. "మీ అసిస్టెంటా?"

అవునంటే చాలు. హేమలత మళ్ళీ వెనక్కి వెళుతుంది, క్లాసు సాగుతుంది, తొమ్మిదేళ్ళ ఎదురుచూపు ఇవాళ్టితో తీరుతుంది. భానుశ్రీ ఆ మాట విన్నది.

"కాదండి," అంది భానుశ్రీ, ఈ క్లాసులో మొదటిసారి తన సొంత గొంతుతో. "ఈ క్లాసు టీచరు ఈమే. మూడు సెమిస్టర్లూ ఈమే చెప్పింది. నేను చెప్పలేదు." లేచి నిలబడి, హేమలత భుజం పట్టుకుని తన స్టూలు మీద కూర్చోబెట్టింది.

"క్లాసు ఆపండి," అన్నాడు దేవీప్రసాద్. "విద్యార్థులందరూ దయచేసి..."

"ఆగండి." బిందుమాధవి మొదటిసారి ఫైలు మీంచి తలెత్తింది. "ఇంకా నలభై నిమిషాలుంది. పాఠం మధ్యలో ఆపడం నాకు అలవాటు లేదు. అమ్మా, మీ పేరేమిటి?"

"పాంగి హేమలత అండి."

"ఇరవైలో ఏడొచ్చాయి హేమలత గారూ. తర్వాతేమిటి?"

తర్వాతేమిటో హేమలతకి తెలుసు. "అందరూ ఒక రూపాయి బిళ్ళ తీసుకోండి," అంది. "ఇరవై సార్లు ఎగరెయ్యండి. బొమ్మ ఎన్నిసార్లు పడిందో రాసి పంపండి. ఎవరి లెక్క వాళ్ళదే, పక్కవాళ్ళది చూడొద్దు."

ఒక నిమిషం తెర నిండా బిళ్ళలు ఎగిరాయి. దుకాణంలో అతని బిళ్ళ బల్ల కిందికి దొర్లింది, అతనూ దాని వెనక మాయమయ్యాడు. చంటిపిల్ల తల్లి ఎగరేసిన బిళ్ళను పిల్ల పట్టుకుంటోంది. తర్వాత అంకెలు రావడం మొదలైంది. తొమ్మిది, పదకొండు, పది, ఎనిమిది, పది, పన్నెండు. భానుశ్రీ తెర మీద చూస్తూ ఒక్కొక్కటే చదివి వినిపించింది. హేమలత బొగ్గుముక్కతో షెడ్డు గోడ మీద అడుగున వరసగా అంకెలు వేసి, వచ్చిన ప్రతి లెక్కకీ ఆ అంకె పైన ఒక చుక్క పెట్టింది.

మొదటి ఇరవై చుక్కలు చెల్లాచెదురుగా పడ్డాయి. యాభై దాటేసరికి పది పైన చుక్కలు నిలువుగా లేవసాగాయి. భానుశ్రీ చదివే వేగం పెరిగింది. "తొమ్మిది, పది, పదకొండు, ఏడు, పది, పది హేమా, మళ్ళీ పది." హేమలత చెయ్యి అందక మునివేళ్ళ మీద నిలబడింది. చుక్కలు మధ్యలో పైకి లేచి, రెండు పక్కలకీ నెమ్మదిగా దిగుతూ ఒక ఆకారం కడుతున్నాయి. ఎవరూ అనుకుని కట్టింది కాదు. విజయనగరంలో ఒకరు, రాజాంలో ఒకరు, ఎక్కడో బస్సులో కూర్చుని ఒకరు తలా ఒక బిళ్ళ ఎగరేస్తుంటే, ఇక్కడ గోడ మీద దానంతటది లేస్తోంది.

"కొండలాగున్నాది," అన్నాడు గుమ్మంలోంచి మంగ్లు.

ఆ మాట అందరికీ వినబడింది. "అవునయ్యా, కొండే," అంది హేమలత తండ్రితో. తెర వైపు తిరిగింది. "చూశారా? ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంది. అన్నీ కలిపితే ఈ కొండ వచ్చింది. ఇంకో నూట నలభై మంది ఎగరేసినా ఇంచుమించు ఇదే వస్తుంది."

"మేడమ్, నాకు పదారు పడినాయి," అన్నాడు వరహాలు దిగులుగా. "నా బిళ్ళలో ఏటైనా తేడా ఉందంటారా?"

"మీ బిళ్ళ మంచిదే వరహాలు గారూ. పదహారూ పడుతుంది. ఇదిగో, కొండ అంచున మీరొక్కరే ఉన్నారు." ఆమె ఆ చుక్క మీద వేలు పెట్టింది. "సంతలో వర్తకుడు పైనుంచి తీసేది ఒకే ఒక్క గుప్పెడు. అది కొండ మధ్యలోది కావచ్చు, అంచుది కావచ్చు. అది ఎక్కడిదో ఆ గుప్పెడు ఒక్కటే చెప్పలేదు. ఇంకా చాలా గుప్పెళ్ళు తియ్యమని మనం అడగాలి."

ఫల్గుణ గడిలో చెయ్యి లేచింది. ప్రశ్న లేదు. వచ్చే సంతకి ఈ గోడ ఫోటో పట్టుకెళ్ళి వర్తకుడికి చూపిస్తానన్నాడు. మరుక్షణం సందేశాలు వరదలా వచ్చాయి. భానుశ్రీ చదవలేక వదిలేసింది. గంట ఎప్పుడైపోయిందో ఎవరికీ తెలియలేదు. సెలవు తీసుకుంటూ వరహాలు అన్నాడు. "పేరేదైతేనేటి మేడమ్. మాకు తెలిసింది మీ గొంతే."

విద్యార్థులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తెర మీద దేవీప్రసాద్, బిందుమాధవి మిగిలారు.

దేవీప్రసాద్ ఇది మోసమన్నాడు, ఇద్దరి మీదా చర్య ఉంటుందన్నాడు. భానుశ్రీ తల వంచుకుని ఒప్పుకుంది. హేమలతా తప్పు తనది కూడానని చెప్పింది. చెబుతున్నా ఆమె మనసు ఇంకా గోడ మీది చుక్కల దగ్గరే ఉంది. ఏం జరిగినా ఇవాళ్టి క్లాసు ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

"నాకొకటి అర్థం కావడం లేదు," అంది బిందుమాధవి. "హేమలత గారూ, ఇంత దొంగతనంగా ఎందుకు చెప్పారు? ఈ ఉద్యోగమే మీకిచ్చారు కదా."

"నాకా? లేదండి. రెండేళ్ళ కిందట దరఖాస్తు పెట్టాను. జవాబే రాలేదు."

బిందుమాధవి కళ్ళజోడు సవరించుకుంది. "ఈ కోర్సు ఫైలంతా పొద్దుటినుంచీ నా ముందుంది. ఎంపికైన వాళ్ళ జాబితాలో మొదటి పేరు పాంగి హేమలత. భానుశ్రీ గారిది రెండోది. మీ ఊరికి రిజిస్టరు పోస్టులో నియామకపత్రం పంపారు. మీరు వద్దన్నాకే రెండో పేరు పిలిచారు."

"నేను వద్దనలేదండి."

హేమలత భానుశ్రీ వైపు తిరిగింది. భానుశ్రీ ముఖం పాలిపోయింది. "నాకు తెలీదు హేమా. నేను రెండోదాన్నని ఇప్పుడే వింటున్నాను," అంది. ఆ మాటలో అబద్ధం కనబడలేదు.

"మీరు రాసిన ఉత్తరం ఇదిగో," అంటూ బిందుమాధవి ఫైల్లోంచి ఒక కాగితం తీసి కెమెరాకి దగ్గరగా పట్టుకుంది.

రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. నీలం సిరాతో రెండు వాక్యాలు. నాకు ఈ ఉద్యోగం అక్కరలేదు. ఇంకెవరికయినా ఇచ్చుకోండి. కింద సంతకం చోట, పాంగి హేమలత.

హేమలత తెరకి దగ్గరగా వంగింది. అక్షరాలు పెద్దవిగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. తలకట్లు విడిగా, మాటంతా పూర్తయ్యాక ఎవరో తెచ్చి పైన పెట్టినట్టున్నాయి. ఆ రాత ఆమెకి తెలుసు. అయిదో తరగతి చదివే రోజుల్లో బడినుంచి రాగానే, వాకిట్లో పుల్లతో గీసి, చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే. ఆ చేతికి మొదట వచ్చిన మాట హేమలత. తలకట్లన్నీ మాట చివర పెట్టకు, ఎప్పటిదప్పుడే పెట్టాలి అని ఎన్నిసార్లు చెప్పినా ఆ చెయ్యి వినలేదు.

ఆమె మెల్లగా గుమ్మం వైపు తిరిగింది.

మంగ్లు అక్కడే ఉన్నాడు. ఆయనకి తెర మీది కాగితం అంత దూరం నుంచి కనబడుతోందో లేదో గానీ, అదేమిటో తెలిసిపోయింది.

"రాసింది నానే గుంటా," అన్నాడు కూతురితో. "ముందు ఆ పెట్టి మూసీ. కిందకెల్లినాక సెప్తాను."

భానుశ్రీ లాప్‌టాప్ మూయబోయింది. హేమలత ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తను లేచి, స్టూలు తండ్రి వైపు జరిపింది.

"మూయను అయ్యా. ఇక్కడే సెప్పు. ఆ మేడమ్ కూడా ఇననీ."

మంగ్లు లోపలికొచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, తెర మీది పెద్దావిడ వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూశాడు.

"ఆ ఉత్తరం వొచ్చిన రోజున," అన్నాడు, "మనింటికి పోస్టుమాను ఒక్కడే రానేదు."